అవ్వ వింటే మనవరాలు చదువుతుంది

శింగనమల నియోజకవర్గంలో ఆరు మండలాలున్నాయి. ఆ ఆరు పేర్లూ ఆర్టీసీ బస్సుల మీద, మైలురాళ్ల మీద, పంచాయతీ గోడల మీద రోజూ కనబడేవే. మనం వాటిని చదవం, చూస్తాం అంతే. కొత్తగా చదువు నేర్చుకుంటున్న ఆరేళ్ల పిల్ల కళ్లతో ఒకసారి చూడండి.

‘శింగనమల’ సులువు. ఒక గుడి, ఒక సున్న. మిగిలిన అక్షరాలన్నీ తలకట్టువే. గుణింతం అప్పుడే మొదలుపెట్టిన పిల్ల కూడా కూడబలుక్కుని చదివేస్తుంది. ‘నార్పల’ దగ్గరికొచ్చేసరికి ర కింద ప ఒత్తు దిగింది. ‘యల్లనూరు’లో ల కింద లావత్తు. ‘గార్లదిన్నె’లో ఒకటికి రెండు ఒత్తులు. ‘బుక్కరాయసముద్రం’ ఏడక్షరాల పేరు. చివరికి చేరేలోగా మొదలు మర్చిపోయేంత పొడుగు. అసలు చిక్కు ‘పుట్లూరు’లో ఉంది. కంటికి కనబడేది ట, దానికి కొమ్ముదీర్ఘం, కింద ల ఒత్తు. నోటితో పలకాల్సింది ముందు ట్, తర్వాత ల్, ఆ తర్వాత ఊ. కొమ్ముదీర్ఘం ట మీద కూర్చుంది, కానీ పనిచేసేది ల కోసం. చూపు ఒక వరుసలో పోతే పలుకు ఇంకో వరుసలో పోతుంది. ‘పుటూలరు’ అని చదివిన పిల్లకు తెలివి లేదనుకుంటే తప్పు. ఆ పిల్ల కనబడింది కనబడినట్టే చదివింది.

ముప్పై ఆరు హల్లులకు గుణింతాలు కడితే ఐదు వందల పైచిలుకు రూపాలు. ఒత్తులు దానికి అదనం. పక్కనే ఉన్న కన్నడ లిపిదీ ఇదే కథ. కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో సోనాలి నాగ్ పరిశోధించి 2007లో ప్రచురించారు. ఇంగ్లిషు పిల్లలు అక్షరాలను ఏడాది రెండేళ్లలో ముగిస్తే, అక్కడి పిల్లలకు నాలుగో తరగతి దాకా ఆ పని సాగుతూనే ఉందని తేలింది. మన పిల్లలకూ అంతే కాలం పట్టడం లోపమేమీ కాదు, లిపి స్వభావం అది. అయితే ఆ నాలుగేళ్లూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని, పిల్ల చదువుతుంటే వినాలి. ‘పుటూలరు’ అన్నప్పుడు ఆపి, వేలు పెట్టి చూపించి, మళ్లీ చదివించాలి. ఒకే పంతులు ఐదు తరగతులు చూసుకునే బడిలో ఒక్కో బిడ్డకు రోజుకు అలాంటివి రెండు నిమిషాలు దక్కితే గొప్ప.

మరి ఆ వినే మనిషి ఎవరు? ఇంట్లో ఉన్నవాళ్లు వినాలంటే అనంతపురం జిల్లాలో వెంటనే ఒక అడ్డం వస్తుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఇక్కడి ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు 54 శాతమే. వానలు దగా చేసిన ఏడు అమ్మానాన్నలు బెంగళూరుకు బేల్దారి పనికి పోతే, పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. అవ్వ కాలంలో ఆడపిల్లకు బడే లేదు. ఆమెను పట్టుకుని ‘బిడ్డను చదివించమ్మా’ అంటే నవ్వుతుంది. ‘నాకే రాదు నాయనా, నేనేం సెప్పేది?’ అంటుంది.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. అయితే ముందు రెండు వందల ఏళ్లు వెనక్కి పోయి రావాలి.

బళ్లారి కలెక్టరు చూసిన బడి

అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో జిల్లా కలెక్టర్లందరినీ ఒకటే అడిగాడు: మీ దగ్గర బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు? బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో బదులు రాశాడు. ఈయన తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించినవాడు. కనుక ఊరికే అంకెలు పంపి ఊరుకోలేదు, బడి లోపలికి తొంగి చూశాడు.

జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా అప్పటికే తొమ్మిది లక్షలు దాటింది. ఐదో ఏట పంతులూ తోటి పిల్లలూ బిడ్డ ఇంటికే వచ్చి, వినాయకుడి ముందు గుండ్రంగా కూర్చునేవారు. పంతులు బిడ్డ వేలు పట్టి బియ్యంలో దేవుడి పేర్లు రాయించేవాడు. మర్నాటి నుంచి బడి. పొద్దున ఆరింటికల్లా వెళ్లాలి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడి నుంచి దెబ్బలు, వెనకొచ్చిన కొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. అక్షరాలను ఇసుకలో వేలితో రాస్తూ నేర్చుకునేవారు. రాయడమూ చదవడమూ ఒక్కసారే వచ్చేవి. ముందు నేర్చుకున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పేవారు. ఈ పద్ధతి ఇంగ్లండు కూడా నేర్చుకోదగ్గదని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

మెచ్చుకున్న చేత్తోనే ఒక లోపమూ చూపాడు. పుస్తకాలన్నీ పద్యాల్లో ఉన్నాయి, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు, పిల్లలు పద్యాలు గడగడ అప్పజెబుతారు గానీ అర్థం తెలియదు, చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. ఇంకో మాట కూడా రాశాడు. విలాయతి బట్ట వచ్చి నేతగాళ్ల నోట్లో మన్ను కొట్టాక, పిల్లల్ని బడికి పంపే స్తోమత జనానికి తగ్గిపోయిందని. ఒక తెల్ల కలెక్టరు తన కంపెనీకే రాసిన కాగితంలో ఈ మాట ఉండటం విశేషమే.

మన్రో 1826లో ఈ నివేదికలన్నీ కుప్పవేసి చూసి ఇంకో సంగతి బయటపెట్టాడు. బడి లెక్కల్లో చేరని చదువొకటుంది, ఇంట్లో చుట్టాల దగ్గరో సొంత పంతులు దగ్గరో నేర్చుకునే చదువు. మద్రాసు పట్నంలో బడికి వెళ్లేవాళ్లకంటే ఇంట్లో చదువుకునేవాళ్లు దాదాపు ఐదు రెట్లు. ఇల్లు బడికి సాయం చేయడం ఈ గడ్డకు కొత్తేమీ కాదన్నమాట. కొత్తేమిటంటే, అప్పుడు ఆ ఇల్లు ఎక్కువగా చదువొచ్చిన కులాల ఇల్లు. ఇప్పుడు మనం అడుగుతున్నది తరతరాలుగా అక్షరాన్ని గడప దాటనివ్వని ఇళ్ల గురించి.

పొద్దుగూకినాక బడి

ఆ ఇళ్ల గురించి ఈ జిల్లాలో పట్టించుకున్న సంస్థల్లో ఒకటి ఆర్డీటీ. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఈ సంస్థ, ఆసుపత్రులూ ఇళ్లూ కట్టించిన సంస్థగానే బయటివాళ్లకు తెలుసు. 2009 జూన్‌లో ఆయన కన్నుమూసినా ‘ఫాదర్’ అన్న మాట ఇప్పటికీ పల్లెల్లో వాడుకే. కాలనీల్లో అడిగితే అన్నిటికంటే పాత జ్ఞాపకంగా వినిపించేది సాయంత్రం బడి. ఎస్సీ, ఎస్టీ పిల్లలు సర్కారు బడిలో చేరినా వెనక బెంచీలో కూర్చుని రెండేళ్లకే మానేస్తున్న రోజుల్లో, కాలనీలోనే పొద్దునా మాపూ నడిచే అనుబంధ బడులు పెట్టారు. అందులో చెప్పేది బయటి నుంచి వచ్చిన పంతులు కాదు. అదే ఊళ్లో అంతో ఇంతో చదువుకున్న కుర్రాడో, అమ్మాయో. బడి సరిగా నడుస్తోందో లేదో చూసేది ఊరి కమిటీ.

ఇందులో తెలివంతా మనిషిని ఎంచుకోవడంలోనే ఉంది. పిల్ల రెండు రోజులు కనబడకపోతే చదువు చెప్పే అక్క ఇంటికే వెళ్లి ‘ఏం పెద్దమ్మా, పాప యాడ?’ అని అడుగుతుంది. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు, ఎందుకంటే ఇద్దరిదీ ఒకటే వీధి కొళాయి. ఇన్‌స్పెక్టరుకు చెప్పే జవాబు ఆ అక్కకు చెల్లదు.

ఇదే రాయలసీమలో, మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్లు 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. అక్కడా స్థానిక యువతే టీచర్లు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల మీద రాశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కడి నుంచి ఎక్కుతుంది, పెద్ద పిల్లలు చిన్నపిల్లల చేత ఎక్కిస్తారు. క్యాంప్‌బెల్ ఇసుక బడిలో చూసింది కూడా ఇదే. తేడా అల్లా అరచేతి మీద దెబ్బలు లేకపోవడం.

ఎనిమిది మందే వచ్చారు

ఇంతవరకూ బాగుంది. ఊళ్లో నలుగురు కుర్రాళ్లు ముందుకొస్తే చాలు, పిల్లలందరికీ చదువొచ్చేస్తుంది అని రాసి ముగిస్తే ఆదివారం పూట పాఠకులకు హాయిగా ఉండేది. నిజం అంత తేలిగ్గా లేదు.

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో ప్రథమ్ సంస్థ, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం కలిసి 280 ఊళ్లలో ఒక పరీక్ష చేశారు. ఇద్దరికీ 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. కొన్ని ఊళ్లలో సభలు పెట్టి, మీ బడిపై మీకు ఈ హక్కులున్నాయి, కమిటీ ఉంది, అడగండి అని చెప్పారు. మరికొన్ని ఊళ్లలో పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో ఊరివాళ్ల చేతే పరీక్షింపజేశారు. ఇంకొన్ని ఊళ్లలో దీనికి తోడు, ముందుకొచ్చిన యువకులకు చదవడం నేర్పే పద్ధతిలో నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి, సాయంత్రం శిబిరాలు పెట్టమన్నారు.

సభల వల్ల ఏమీ జరగలేదు. తల్లిదండ్రుల్లో చాలామందికి విద్యా కమిటీ ఉందన్న సంగతే తెలియదు, చెప్పాక కూడా పెద్దగా కదల్లేదు. శిబిరాలు మాత్రం పనిచేశాయి. అక్షరం రాని పిల్లలు అక్షరాల దాకా, అక్షరాలే వచ్చినవాళ్లు కథల దాకా వచ్చారు. సంబరపడేలోపే రెండో సంగతి. శిబిరానికి వచ్చింది వందలో ఎనిమిది మంది పిల్లలే.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది. జనాన్ని ‘చైతన్యపరచడం’ కంటే చేతికి ఒక చిన్న పని ఇవ్వడం మేలు. నేర్పేవాడు దొరికినా, పిల్లను పట్టుకొచ్చి కూర్చోబెట్టే మనిషి లేకపోతే ఆ నేర్పు వందలో తొంభై రెండు మందికి అందదు. పట్టుకొచ్చే మనిషి ఇంట్లోనే ఉండాలి. అవ్వ అవసరం అక్కడే పడుతుంది.

నాకు రాదు, నువ్వు చదువు

అవ్వ చేయగలిగింది ఏమిటి? బీహార్, రాజస్థాన్‌లలో 480 ఊళ్లలో తల్లులతో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి చదువు చెప్పారు, కొందరికి బిడ్డతో ఇంట్లో చేయించే పనుల కాగితాలు ఇచ్చారు, కొందరికి రెండూ. పిల్లలు లెక్కల్లో మెరుగుపడ్డారు గానీ కొద్దిగానే. అందువల్ల అక్షరం రాని అవ్వను టీచరు చేయాలని చూడటం దండగ. ఆమెకు వచ్చిన పని ఆమెను చేయనివ్వాలి.

ఆమెకు మాట వచ్చు. కథ వచ్చు, సామెత వచ్చు, పొడుపుకథ వచ్చు. అన్నిటికీ మించి, చెప్పింది అర్థమయ్యేలా ఉందో లేదో తెలుసు. పిల్ల పుస్తకం తీసి ఒక కథ చదువుతుంది. అవ్వ సంగటి కెలుకుతూ వింటుంది. పిల్ల వాక్యం మధ్యలో తెగ్గొట్టి, మాటలు ముక్కలు చేసి చదివితే అవ్వకు కథ అర్థం కాదు. ‘ఏందే, మల్లా సదువు’ అంటుంది. అక్షరం ముక్క రాకుండానే ఆమె పట్టుకున్న తప్పు అది. పిల్ల మళ్లీ చదువుతుంది, ఈసారి అర్థమయ్యేలా. ‘అయితే నక్క ఏం జేసింది?’ అని అవ్వ అడిగితే పిల్ల కథను తన మాటల్లో చెప్పాలి. క్యాంప్‌బెల్ చెప్పిన చిలక చదువు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ‘పుట్లూరు’ను ఎలా విడదీయాలో చెప్పడం సాయంత్రం బడి అక్క పని. చదివింది కథలా వినబడుతోందా లేదా అన్నది అవ్వ లెక్క. ఈ పని పంపకం కుదిరితే ఇద్దరి మీదా బరువు తగ్గుతుంది.

ఎదురు దిశలో పోయే పద్ధతి కూడా ఉంది, పెద్దలు పైకి చదివితే పిల్లలు వినడం. జోర్డాన్‌లో రాణా దజానీ అనే జీవశాస్త్ర ప్రొఫెసరు 2006లో తమ వీధి మసీదులో పిల్లల్ని పోగేసి కథలు చదివి వినిపించడం మొదలుపెట్టారు. ‘వుయ్ లవ్ రీడింగ్’ పేరుతో అది పెరిగి, 2017లో యునెస్కో సెజాంగ్ అక్షరాస్యత బహుమతి తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ 2020లో ‘చదవడం మాకిష్టం’ పేరుతో, ఇంగ్లిషులో అదే ‘వుయ్ లవ్ రీడింగ్’ పేరుతో కార్యక్రమం పెట్టింది. మన దగ్గర ఇలాంటివి బళ్లోనే మొదలై బళ్లోనే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. గుడి అరుగూ, మసీదు వసారా, చర్చి చావడీ, పీర్ల మకానం ఉన్న ఊళ్లో చదివి వినిపించే చోటుకు కరువు ఉండకూడదు.

ఏం చదవాలి అన్నది పెద్ద సమస్యే. పాఠ్యపుస్తకంలో ‘వేరుశనగ’ అని ఉంటుంది. ఇంట్లో అవి బుడ్డలు. పుస్తకంలో ‘ఎక్కడికి’, ఇంట్లో ‘యాడికి’. పెద్దయ్యాక రెండూ వస్తాయి, రావాలి కూడా. మొదటి ఏడాది మాత్రం, కూడబలుక్కుని పలికిన శబ్దం తనకు తెలిసిన మాటే అయినప్పుడు పిల్ల ముఖం వెలిగిపోతుంది. తెలియని మాటైతే సరిగ్గా చదివానో లేదో తేల్చుకోలేదు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి ఈ నేల మాటను పెద్దల కథల్లోకీ నవలల్లోకీ తెచ్చారు. పిల్లల పుస్తకాల్లో మాత్రం ఆ మాట దాదాపు వినబడదు. పుస్తకం రాకపోతే ఊరుకోవాలా? అవ్వ చెప్పిన కథను సాయంత్రం బడి అక్క పెద్ద అక్షరాలతో నాలుగు చార్టుల మీద రాస్తే పాఠం తయారైనట్టే. తన అవ్వ కథను గోడ మీద చదివిన పిల్లకు ఇంకే పుస్తకమూ అంత దగ్గరగా ఉండదు. ఇక విత్తనాల ప్యాకెట్టు, ఎరువుల బస్తా, పొదుపు సంఘం పుస్తకం, ఉపాధి కార్డు, రేషన్ దుకాణం బోర్డు ఎటూ ఉన్నవే. చదవడానికి ఏమీ లేని ఇల్లు ఈ రోజుల్లో లేదు.

ఎవరు ఇస్తారు, ఎప్పుడు చెబుతారు

2021 జూలైలో కేంద్రం ‘నిపుణ్ భారత్’ మొదలుపెట్టింది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, ఈ పని 2026-27కల్లా కావాలి అన్నది లక్ష్యం. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూసే ‘అసర్’ సర్వే 2024లో చూసిన ప్రకారం, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 27.1 శాతం. సర్కారు బళ్లలో 23.4. కరోనా తర్వాత 2022లో సర్కారు బళ్ల అంకె 16.3కు పడిపోయింది కాబట్టి పుంజుకున్నట్టే, గమ్యానికి మాత్రం చాలా దూరం. జాతీయ విద్యా విధానం 2020 ఊరి స్వచ్ఛంద సేవకులను ఈ పనికి పిలవమని రాసిపెట్టింది. వాళ్లకు ఏమివ్వాలో మాత్రం తేల్చలేదు.

దీని మీద నా అభిప్రాయం దాచుకోను. సాయంత్రం బడిలో చెప్పేది చాలాచోట్ల డిగ్రీ అయ్యి ఉద్యోగం రాని అమ్మాయి, లేదా డీఎస్సీకి చదువుతున్న అబ్బాయి. సేవ అనే మాట చెప్పి వాళ్ల చేత ఉచితంగా ఏడాది పొడవునా పని చేయించుకోవడం న్యాయం కాదు, కుదిరేది కూడా కాదు. అమ్మాయికి పెళ్లవుతుంది, అబ్బాయి కోచింగుకు అనంతపురం పోతాడు, బడి మూతబడుతుంది. నార్పల మండలం బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. మట్టి తవ్వితే కూలి ఇవ్వాలని ఒప్పుకున్న దేశం, పక్క వీధి పిల్లలకు చదవడం నేర్పితే కూలి ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి? తక్కువైనా సరే, నెల నెలా అందాలి. కాలనీకి ఒకరు కాకుండా ఇద్దరు ఉండాలి, ఒకరు పోతే ఇంకొకరైనా మిగులుతారు.

కాలం సంగతి కూడా చూడాలి. బళ్లు తెరిచేది జూన్ రెండో వారంలో. సరిగ్గా అప్పుడే వాన కోసం ఆకాశం చూస్తూ బుడ్డల విత్తనం సిద్ధం చేసుకుంటారు. జూన్, జూలై విత్తు. అక్టోబరు, నవంబరు కోత, కాయ ఒలుపు. ఈ నెలల్లో ఇంట్లో ఎవరికీ పొద్దుగూకినాక ఓపిక ఉండదు. పంట పోతే జనవరి నుంచే వలస. ఏడాది పొడవునా ఒకే వేగంతో నడిపే కార్యక్రమం హైదరాబాదులోనో విజయవాడలోనో కాగితం మీద బాగుంటుంది, ఇక్కడ నడవదు. కోత రోజుల్లో తరగతి అరగంటకు కుదించి, మిగతా పని అవ్వ వినడానికి వదిలేయొచ్చు.

గట్టిగా నడపాల్సింది ఎండాకాలంలో. 2008లో బీహార్‌లో సర్కారు టీచర్ల చేతే నెల రోజుల వేసవి శిబిరాలు పెట్టిస్తే, హాజరు అంతంతమాత్రంగా ఉన్నా, రెండేళ్ల తర్వాత కూడా ఆ పిల్లల చదువులో తేడా కనబడింది. శింగనమలలో ఎండాకాలంలో బడికి సెలవు. కాలేజీ పిల్లలు ఇంటికొచ్చి ఉంటారు, పొలం పని ఉండదు. మే నెలలో పదింటికే ఎండ చంపుతుంది కాబట్టి పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టాలి. తొమ్మిదిలోగా రెండు విడతలు అయిపోతాయి, ముందు అక్షరాలూ గుణింతాలూ రానివాళ్లు, తర్వాత కథ దాకా వచ్చినవాళ్లు. ఆ వేళకు తల్లులు ఉపాధి పనికి వెళ్లిపోయి ఉంటారు గనుక, పిల్లల్ని నిద్రలేపి ముఖం కడిగి పంపే పని అవ్వలదే. తిరిగొచ్చాక ఇంటి నీడలో ఆ రోజు కథ చదివించుకుని వినేదీ వాళ్లే.